ఇరవై నగలు, ఒకే కాన్వాస్

ప్రశ్న: మా నాన్నగారిది రోల్డ్‌గోల్డ్ నగల షాపు. నగలను తిప్పి చూసుకునేలా, బ్రౌజర్‌లో త్రీడీ బొమ్మలు గీసే త్రీ జేఎస్ లైబ్రరీతో వెబ్ పేజీ చేస్తున్నాను. 20 నగలకు 20 కాన్వాస్‌లు (పేజీలో బొమ్మ గీసే చోట్లు) పెడితే మొదటి నాలుగూ ఖాళీగా వస్తున్నాయి. పోనీ అని అన్నిటినీ ఒకే కాన్వాస్‌లో గీయిస్తే ఆఖరి నగ ఒక్కటే మిగులుతోంది. వచ్చే వారం షాపులో చూపించాలి, టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: కంగారు పడకండమ్మా, వారం చాలా ఎక్కువ.

మొదటి సంగతి తేలిక. త్రీ జేఎస్ గీసేది వెబ్‌జీఎల్ అనే బ్రౌజర్ సదుపాయంతో. ప్రతి కాన్వాస్‌కూ ఒక వెబ్‌జీఎల్ కాంటెక్స్ట్, అంటే దానికంటూ విడిగా ఒక గీత సరంజామా పుడుతుంది. కంప్యూటర్‌లో క్రోమ్ ఒక పేజీకి 16 వరకే ఉండనిస్తుంది, ఆపైన వస్తే పాతవాటిని తీసేస్తుంది. 20లోంచి 16 తీసేస్తే నాలుగు, మీకు ఖాళీగా వస్తున్నవీ నాలుగే. ఫోన్‌లో ఈ లెక్క ఇంకా తక్కువ. పైగా కాంటెక్స్ట్‌లు టెక్స్‌చర్లను (నగ మీద పూతలా పరిచే బొమ్మలను) పంచుకోలేవు, అదే బంగారు టెక్స్‌చర్ 20 సార్లు మెమరీలోకి ఎక్కుతుంది. అందుకే మీ రెండో ఆలోచనే సరైనది, దాన్ని వదలకండి.

మరి అది ఎందుకు చెడింది? కాన్వాస్‌లో బొమ్మ ఎక్కడ పడాలో చెప్పేది వ్యూపోర్ట్ అనే సెట్టింగ్, అంతే. తుడిచే పనికి దాని హద్దు వర్తించదు. రెండర్ (గీయి) అన్న ప్రతిసారీ త్రీ జేఎస్ ముందు కాన్వాస్ అంతా తుడుస్తుంది. వాకిట్లో రెండో ముగ్గు వేసే ముందు మళ్లీ వాకిలంతా కళ్లాపి చల్లినట్టు! ఆ తుడుపుకు హద్దు గీసేది సిజర్ అనే మరో సెట్టింగ్. ఒక ఇంటి మోడల్‌ను ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి చూపే ప్రోగ్రాం రాసినప్పుడు నాకూ ఇలాగే చివరిదొక్కటే మిగిలింది. రెండు రాత్రులు కెమెరాలనే అనుమానించాను. సిజర్ టెస్ట్ ఆన్ చేసి హద్దులు ఇచ్చాక మూడూ వచ్చాయి.

మీరు చేయాల్సింది ఇది. తెరంత కాన్వాస్ ఒకటి వెనక ఉంచి, ఒక్కో నగకూ ముందు ఒక ఖాళీ డివ్ (పేజీలో చోటు పట్టే డబ్బా) పెట్టండి. సిజర్ టెస్ట్ ఆన్ చేయండి. ప్రతి ఫ్రేములో గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ అనే ఫంక్షన్‌తో డివ్ కొలతలు తీసుకుని, అవే అంకెలు సెట్‌వ్యూపోర్ట్‌కూ సెట్‌సిజర్‌కూ ఇచ్చి, ఆ నగ సీన్‌ను రెండర్ చేయండి. ఒక్క మెలిక ఉంది. పేజీ కొలత పైనుంచి కిందికి, వెబ్‌జీఎల్ కొలత కింది నుంచి పైకి. కాన్వాస్ ఎత్తు 800, డివ్ టాప్ 100, బాటమ్ 300 అయితే కింది నుంచి ఎత్తుగా (y) మీరు ఇవ్వాల్సింది 500, అంటే 800లోంచి 300 తీసేసినది. ఇది మరిస్తే పై వరసలో ఉండాల్సిన జుంకాలు కింద ఎక్కడో తేలతాయి.

వడ్డాణం సాగినట్టు కనిపిస్తే కెమెరా ఆస్పెక్ట్‌ను ఆ డివ్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తికి మార్చి అప్‌డేట్‌ప్రొజెక్షన్‌మ్యాట్రిక్స్ పిలవండి. తెర మీద లేని నగను గీయకుండా దాటేయండి, ఫోన్‌కు భారం తగ్గుతుంది.

తిప్పడానికి త్రీ జేఎస్‌తో వచ్చే ఆర్బిట్‌కంట్రోల్స్ వాడుతుంటే, ఒక్కో నగ కెమెరాకూ ఒక్కోటి పెట్టి, దానికి కాన్వాస్ బదులు ఆ నగ డివ్‌ను ఇవ్వండి. అప్పుడు హారం మీద వేలు పెట్టి జరిపితే ఆ హారమే తిరుగుతుంది, పక్కనున్న గాజులు కదలవు.