శీర్షికలో తలరాత వద్దు

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ నాయనమ్మ, ఆ తరువాత నలభై మూడేళ్లకే మీ మేనత్త, ఇద్దరూ పెద్దపేగు క్యాన్సర్‌తో వెళ్లిపోవడం గురించి రాశావు. మేనత్త ఆసుపత్రి మంచం మీద కూర్చుని, ఈసారి గోరింటాకు పండిందా అని నిన్ను అడిగిన వాక్యాన్ని ఎవరు చెప్పినా మార్చవద్దు. మార్చవలసింది శీర్షిక. "తలరాత" అని పెట్టావు.

తలరాత అంటే చెరపలేనిదని మన పాఠకులకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. ఆ మాట కనబడగానే చేతులు ముడుచుకుంటారు. "మా ఇంట్లోనూ ఇదే ఉంది, ఇక చేసేదేముంది" అనుకుని ఒక అమ్మాయి పత్రిక మడిచిపెట్టిందనుకో. చిన్న బుడిపెగా ఉన్నప్పుడే తీసేయగలిగిన జబ్బు ఆమెను తీసుకుపోవచ్చు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఒక కుట్టుపని చేసే స్త్రీ దిగులుగా ఉంటే, ఆల్డ్రెడ్ వార్తిన్ అనే రోగనిర్ధారణ శాస్త్రవేత్త కారణం అడిగాడు. మా వాళ్లందరూ కడుపులోనో, పేగులోనో, గర్భాశయంలోనో క్యాన్సర్ వచ్చి పోయారు, నేనూ అలాగే పోతాను అన్నది ఆమె. అన్నట్టే చిన్న వయసులో గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది. వార్తిన్ ఆమె మాటను ఉత్త భయమని కొట్టిపారేయలేదు. ఆ కుటుంబపు వంశవృక్షం గీసి 1913లో ప్రచురించాడు. చాలా ఏళ్ల తరువాత అమెరికాలోనే ఒమాహాలో హెన్రీ లించ్ అనే వైద్యుడికీ అలాంటి మాటే వినిపించింది: మా ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనే పోతారు, అందుకే తాగుతున్నాను అన్నాడు ఒక రోగి. లించ్ కూడా కుటుంబాల వెంట తిరిగి వివరాలు రాసుకున్నాడు. 1990లలో ఈ జబ్బుకు కారణమైన జన్యువులు దొరికాయి. ఆ కుట్టుపని స్త్రీ వంశంలో పాడైనది ఎంఎస్‌హెచ్2 అనే జన్యువని తేలింది. ఆ జబ్బును ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటారు. వార్తిన్‌కూ లించ్‌కూ జన్యువు కనబడలేదు, కుటుంబం కనబడింది. నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టు.

రెండవ పేజీలో "శరీరంలో దాగిన టైంబాంబు" అన్నావు. బాంబు పేలడానికే పుట్టింది. ఎంఎస్‌హెచ్2 పుట్టింది కాపాడడానికి. పోలిక కావాలంటే మన వృత్తిలోనే ఉంది. కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికి నకలు తీసుకోవాలి. తల్లి నుంచి సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి అన్నే. అంత రాతలో తప్పులు దొర్లకుండా ఉండవు. వాటిని పట్టుకునే ప్రూఫ్‌రీడర్లలో ఈ జన్యువు ఒకటి. అది మనకు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి పాడైనా రెండవది పని నడిపిస్తుంది. లించ్ కుటుంబాల్లో పుట్టినవారికి ఒక ప్రతి మొదటి రోజు నుంచే పాడై ఉంటుంది. పేగులోని ఏదో ఒక కణంలో రెండవదీ పోతే అప్పుడు తప్పులు పేరుకుంటాయి. ఆ రెండవ దెబ్బ ఏ కణంలో, ఏ వయసులో తగులుతుందో, అసలు తగులుతుందో లేదో ముందుగా రాసిపెట్టి లేదు. పిల్లల కంటి క్యాన్సర్ లెక్కల నుంచి 1971లోనే ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికన్ వైద్యుడు ఈ రెండు దెబ్బల సూత్రాన్ని పట్టుకున్నాడు. ఇది పాఠకుడికి అర్థమైతే తలరాత అన్న మాట దానంతటదే రాలిపోతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ గురించి రాస్తూ "తల్లి నుంచి కూతురికి" అని రాశాను. వాక్యం అందంగా ఉందని ఉంచేశాను. కొన్నాళ్లకు ఒక తండ్రి ఉత్తరం రాశారు. ఆయన తల్లి, ఇద్దరు చెల్లెళ్లు ఆ జబ్బుతోనే పోయారట. తాను మగవాడు కాబట్టి అది తన దగ్గర ఆగిపోయిందని, తన కూతుళ్లకు భయం లేదని నా వ్యాసం చదివి నిశ్చింతగా ఉన్నారు. నా దగ్గర ఆ ఉత్తరం ఇంకా ఉంది. పాడైన ప్రతి ఉన్నది తండ్రిలోనైనా, తల్లిలోనైనా, ఒక్కో బిడ్డకూ అది చేరే అవకాశం సగానికి సగం. ఆడా మగా తేడా లేదు.

వంశవృక్షం గీయడానికి మన భాష చాలావరకు సాయపడుతుంది. మేనత్త అనగానే తండ్రి తోబుట్టువని తెలిసిపోతుంది. "పెద్దమ్మ" దగ్గర మాత్రం ఆగు. అమ్మకు అక్క అయితే రక్తసంబంధం. పెదనాన్న భార్య అయితే ఆమె జబ్బుకూ నీ జన్యువులకూ సంబంధం లేదు. అందరినీ అడిగి, పేరు పక్కన ఏ అవయవం, ఏ వయసులో అని రాసుకో. "మా ఇంట్లో మేనరికాలు లేవు కాబట్టి ఇది రాదు" అని ఎవరైనా అంటే సున్నితంగా సరిదిద్దు. దీనికి ఒక వైపు నుంచి వచ్చిన ఒక్క పాడైన ప్రతి చాలు. మేనరికంలో వేరే ప్రమాదం ఉంది: ఇద్దరూ అదే లోపాన్ని మోస్తుంటే బిడ్డకు రెండు ప్రతులూ పాడైనవే చేరవచ్చు. అప్పుడు బాల్యంలోనే మెదడు, రక్త, పేగు క్యాన్సర్లు వస్తాయి.

అంకెల విషయం. రొమ్ము క్యాన్సర్‌కు దారితీసే బీఆర్‌సీఏ1 అనే జన్యువు లోపం, సాధారణంగా కనిపించే చిన్న జన్యు తేడాలు, రెండింటినీ ఒకే పేరాలో కలిపేశావు. విడదీయి. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం బీఆర్‌సీఏ1 పాడైన స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేసరికి నూటికి సుమారు 72 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. చిన్న తేడాలు అలాంటివి కావు. నూటికి నలుగురికి వచ్చే జబ్బు "25 శాతం పెరిగింది" అంటే ఐదుగురికి వస్తుందని అర్థం. ఆ ఐదు అనే అంకే రాయి. "బీఆర్‌సీఏ జన్యువు ఉన్నవారు" అని కూడా రాయవద్దు, అది అందరికీ ఉంటుంది. మొత్తం క్యాన్సర్లలో బలమైన వారసత్వ లోపం వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే అని ఎక్కడో ఒకచోట చెప్పాలి.

జన్యు పరీక్షలో "అర్థం తేలని మార్పు" అని కూడా రావచ్చు. ప్రపంచంలో పోగైన జన్యు సమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా మూలాలవారిది కాబట్టి మనవాళ్లకు ఇలాంటి జవాబు ఎక్కువగా వస్తుంది. 10 వేల మంది భారతీయుల జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకూ భాగం ఉంది. అలాంటి పని పెరిగేకొద్దీ ఈ చీకటి తగ్గుతుంది. అర్థం తేలని మార్పును జబ్బుగా రాయకు.

ఇక చివరిది. నీ వ్యాసంలో నాయనమ్మ ఉంది, మేనత్త ఉంది, నువ్వు ఉన్నావు. మీ నాన్నగారు ఒక్కచోటే, క్యారియర్ పట్టుకుని ఆసుపత్రి మెట్లు ఎక్కుతూ కనిపించారు. నాయనమ్మకూ నీకూ మధ్య ఉన్నది ఆయనే తల్లీ. ఆయన పేగు పరీక్ష చేయించుకున్నారా? ఎంఎస్‌హెచ్2 వంటి లించ్ లోపం ఉన్నవారికి ఇరవై, ఇరవై అయిదేళ్ల వయసు నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేస్తారు. పేగు క్యాన్సర్లలో లించ్ వల్ల వచ్చేవి నూటికి మూడే. మీ ఇంట్లోది అదేనని నేను అనడం లేదు. కానీ మేనత్త వయసు చూస్తే అడిగి తీరాలి. ఆమె ఆపరేషన్ నాటి కణితి ముక్క మైనపు దిమ్మలో భద్రంగా ఉండి ఉంటే, పరీక్ష దానితోనే మొదలుపెట్టవచ్చు. జన్యు సలహాదారు దగ్గరకు నాన్నగారిని ఈ నెలలోనే తీసుకువెళ్లు. వ్యాసం ఎన్నాళ్లయినా ఆగుతుంది, సంపాదకుడితో నేను మాట్లాడతాను. వెళ్లి వచ్చిన రోజు నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి