పాత వైర్లన్నీ పీకేయాలా?

ప్రశ్న: చెన్నై మడిపాక్కంలో మాది 12 ఇళ్ల అపార్ట్‌మెంట్. పదేళ్ల పైబడిన అనలాగ్ కెమెరాలు ఎనిమిది ఉన్నాయి. పోయిన నెల పార్కింగ్‌లో స్కూటీ పోయింది, రికార్డింగ్‌లో మనిషి కనిపించాడు గానీ ముఖం ఆనవాలు పట్టలేకపోయాం. కెమెరాలతను వైర్లతో సహా మొత్తం తీసేసి డిజిటల్ ఐపీ కెమెరాలు పెట్టాలంటున్నాడు. అసోసియేషన్‌లో కొందరు ఖర్చు దండగ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మొత్తం పీకేయక్కర్లేదండీ. అనలాగ్ అంటే మసక అనేది పాత కెమెరాల మాట. 960హెచ్ అనే పాత రకంలో బొమ్మంతా కలిపి 960 బై 576 చుక్కలే (పిక్సెల్స్), అంటే ఐదున్నర లక్షలు. ఇప్పుడొచ్చే హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు అదే కోయాక్సియల్ వైరు (టీవీ కేబుల్ లాంటిది) మీద 2 మెగాపిక్సెల్, 5 మెగాపిక్సెల్ బొమ్మ పంపిస్తాయి, మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. కాకపోతే పాత డీవీఆర్, అదే రికార్డింగ్ పెట్టె, ఆ సిగ్నల్ చదవలేదు కాబట్టి కెమెరాతో పాటు అదీ మార్చాలి. వైరు పనికొస్తుందో లేదో తెలియాలంటే కెమెరా దగ్గర వైరు చివరుండే బీఎన్‌సీ పిన్ను విప్పి చూడండి, మన ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంటే పిన్ను కత్తిరించి కొత్తది వేయించండి, లోపల తీగ కూడా నల్లబడితే ఆ వైరు మార్చాల్సిందే.

ఐపీలో ఉన్న సుఖం ఏంటంటే బొమ్మ కెమెరాలోనే డిజిటల్ అయిపోతుంది, ఒక్క క్యాట్6 కేబుల్‌లోనే కరెంటూ వెళ్తుంది, అయితే 100 మీటర్లు దాటితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టె కావాలి.

మీ అసలు సమస్య మాత్రం ముఖం. కొత్త మనిషిని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకి సుమారు 250 చుక్కలు పడాలి, మామూలుగా బిగించే 2.8 ఎంఎం లెన్స్‌తో 2 మెగాపిక్సెల్ కెమెరాకి అది నాలుగు మీటర్ల దాకానే కుదురుతుంది, అనలాగ్ అయినా ఐపీ అయినా లెక్క ఇదే! అందుకే గేటు దగ్గర తక్కువ వెడల్పునే దగ్గరగా చూపే 6 ఎంఎం లెన్స్ అడగండి, ఎక్కడో పైకప్పుకి కాకుండా ఎనిమిది అడుగుల ఎత్తులో బిగించమనండి, లేకపోతే నడినెత్తి తప్ప ఏమీ పడదు. 4కే అంటే చుక్కలు ఎక్కువే, కానీ సెన్సర్ సైజు పెరగకపోతే ఒక్కో చుక్కకి అందే వెలుతురు తగ్గి రాత్రిపూట బొమ్మంతా గరుకుగా వస్తుంది. పార్కింగ్‌లో రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు ఒకటి వేయించండి, ముందు ఆ పని కానివ్వండి.

నేనైతే గేటుకీ పార్కింగ్ దారికీ 4 మెగాపిక్సెల్ ఐపీ, మిగతా ఆరింటికీ పాత వైర్ల మీదే హెచ్‌డీ అనలాగ్ పెట్టిస్తాను. రెండు రకాలూ తీసుకునే హైబ్రిడ్ డీవీఆర్‌లు దొరుకుతాయి, ఐపీ ఛానెళ్లు ఎన్నో, అంటే ఎన్ని ఐపీ కెమెరాలు తీసుకుంటుందో అడిగి కొనండి. 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 2 మెగాబిట్లు) రోజుకి దాదాపు 22 జీబీ తింటుంది, ఐపీవి ఇంకా ఎక్కువ, కాబట్టి 4 టీబీ కంటే తక్కువ డిస్క్ వద్దు.

డబ్బు మొత్తం ఇచ్చేముందు రాత్రి తొమ్మిదికి ఒకరిని గేటు దగ్గర నడిపించి, లైవ్‌లో కాకుండా రికార్డింగ్‌లో ముఖం జూమ్ చేసి చూడండి. పాత డీవీఆర్‌లు చాలావాటిలో లైవ్ బాగానే ఉండి రికార్డింగ్ మాత్రం 352 బై 288కి పడిపోయేది, కొత్తదాంట్లో కూడా ఆ సెట్టింగ్ తగ్గించి పెట్టి వెళ్లిపోయేవాళ్లున్నారు.