టీ సెంటు చేస్తానన్న మా తమ్ముడి కూతురికి

తల్లీ,

ఉద్యోగం వద్దని, బ్లాక్ టీ వాసనతో సెంటు చేసి అమ్ముతానన్నావని మీ నాయన ఫోన్ చేశాడు. వాడికి ఒకటే టెన్షన్. నాకైతే సంతోషం, దాని వెనకే భయం. కడప దర్గా దగ్గర అత్తరు అంగట్లో నేను నేర్చుకున్న పని మన ఇంట్లో ఇంకొకరు ఎత్తుకుంటారని అనుకోలేదు.

చుక్కలు లెక్కపెట్టొద్దు, తూకం వెయ్యి. ప్రతి సీసా మీద పేరు, తేదీ రాయి. స్పిరిట్ పొయ్యి దగ్గర పెట్టొద్దు.

టీ అబ్సల్యూట్, అంటే టీ ఆకు నుంచి తీసిన గాఢమైన వాసన సారం, నల్లగా, చిక్కగా ఉంటుంది. ఎండుగడ్డి, పొగాకు వాసన వేస్తుంది. దానొక్కదానితో కప్పులోని టీ రాదు. ఆకు నలిగి, గాలి తగిలి నల్లబడేటప్పుడు పుట్టే వాసనల్లో వయొలెట్ పూలను తలపించే అయనోన్, ఎండుపండ్ల తీపి ఉన్న డమాసినోన్ ఉంటాయి. అవి కొద్దికొద్దిగా కలిపితేనే టీకి ప్రాణం వస్తుంది. పొగ కావాలంటే చైనావాళ్ల లాప్సాంగ్ సూచాంగ్ తెప్పించి వాసన చూడు. ఆ ఆకును పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు. 1998లో అన్నిక్ మెనార్డో చేసిన బల్గరీ బ్లాక్ అనే సెంటులో ఉన్నది ఆ పొగ టీయే.

ఎర్ల్ గ్రే టీలో లాగా బెర్గమాట్, అంటే ఒక నిమ్మజాతి పండు తొక్క నూనె, కూడా వేస్తావు కదా, అక్కడే నా భయమంతా. పెళ్లికాక ముందు మీ నాయన ఉరుసుకు పోతూ నా పెట్టెలోంచి అచ్చమైన బెర్గమాట్ నూనె తీసి మెడకు పూసుకున్నాడు. రోజంతా ఎండలో తిరిగాడు. మర్నాటికి మెడ ఎర్రగా కందిపోయింది, తర్వాత బొబ్బలు లేచాయి. అవి మానినా, నూనె కారిన దారి వెంబడే గోధుమరంగు చార నెలల తరబడి ఉండిపోయింది. మీ అమ్మను చూడబోయిన రోజు మండుటెండలో కూడా కాలర్ గుండీ తీయలేదు పాపం. ఆ నూనెలోని బెర్గాప్టెన్‌కు ఎండ తగిలితే జరిగేది అదే. ఎంత మంచి సరుకైనా తప్పదు.

అందుకే బెర్గాప్టెన్ తీసేసిన నూనే కొను. తొక్క పిండి తీసిన మామూలు బెర్గమాట్ నూనె వాడాల్సి వస్తే, ఒంటికి పూసే సెంటులో 0.4 శాతం దాటనీయొద్దు. పారిస్ చలిలో కాదు, నీ సెంటు పూసుకుని మనవాళ్లు తిరిగేది కడప ఎండలో. ఎవరి బిడ్డ మెడ మీదా ఆ చార పడకూడదు. ఈ మాట దాటితే మాత్రం నేను ఊరుకోను.

డబ్బు సంగతి మీ నాయనతో నేను మాట్లాడతాను, నువ్వు దిగులు పడొద్దు. బెర్గమాట్‌కు డబ్బు కట్టే ముందు సీసా మీది లేబుల్ ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దనాయన