యొరూబా మతంలో పూసలు: అవి రుద్రాక్షల వంటివేనా, మనం ధరించవచ్చా?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మీ నైజీరియా సహోద్యోగి ఎడమ ముంజేతికి ఎప్పుడూ ఉండే ఆకుపచ్చ, గోధుమ రంగు పూసలు మన రుద్రాక్షల వంటివేనా అన్నది మొదటిది. అటువంటివి ఆన్‌లైన్‌లో కొని మీరు కూడా ధరించవచ్చా అన్నది రెండవది. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు నైజీరియాలోని ఇబాడాన్ నగరంలో ఉన్నాను. అది ఆ దేశపు నైరుతి భాగంలో యొరూబా జాతివారు ఉండే ప్రాంతం. మేము అద్దెకున్న ఇంటి యజమానుల కుటుంబంలో పెద్దాయన ఇఫా అనే యొరూబా జోస్యవిద్యలో దీక్ష పొందిన బబలావొ, అంటే తాటిజాతి గింజలతోనో గొలుసుతోనో ప్రశ్న చూసి, కంఠస్థం చేసిన వేలాది పద్యాల నుంచి సమాధానం చెప్పే పూజారి. అందరిలాగే నేనూ ఆయనను బాబా అని పిలిచేవాణ్ణి. కింద రాసిన వాటిలో చాలా భాగం ఆయన వసారాలో కూర్చుని విన్నవి, కళ్లారా చూసినవి. చరిత్రకు సంబంధించినవి తరువాత చదివి తెలుసుకున్నవి.

మీ సహోద్యోగి ధరించిన వాటిని ఇదె అంటారు. అవి ఒరున్మిలాకు చెందిన పూసలు. ఒరున్మిలా యొరూబావారి జ్ఞానదేవత. ప్రతి మనిషీ పుట్టకముందు తన విధిని ఎంచుకున్నప్పుడు సాక్షిగా నిలిచినవాడని ఆయనను కీర్తిస్తారు. మృత్యువుకు, అంటే ఇకుకు, ఒరున్మిలాకు మధ్య కుదిరిన ఒప్పందాన్ని ఇఫా కథల్లో ఒకటి చెబుతుంది: ఒరున్మిలా బిడ్డలను వారి కాలం తీరకముందు ఇకు తీసుకుపోరాదు, వారిని గుర్తుపట్టడానికి చేతికి ఈ పూసలుంటాయి. అందుచేత ఇదె ముందుగా ఒక గుర్తు. ఈ మనిషి ఫలానా దేవత ఇంటివాడు అని అది మృత్యువుతో చెబుతుంది, తోటి మనుషులతో చెబుతుంది, ధరించినవాడికే రోజూ గుర్తు చేస్తుంది.

రుద్రాక్షతో పోలిక కొంతవరకే నిలుస్తుంది. మన దృష్టిలో రుద్రాక్ష చెట్టున కాసినప్పుడే పవిత్రమైనది. దానికి ముఖాలు లెక్కిస్తాము, దానితో జపం లెక్కపెడతాము. యొరూబా పూసలతో జపం చేయరు. సంతలో రాశిగా పోసి అమ్మే గాజుపూసకు ఏ దైవత్వమూ లేదు. బాబా వాటిని సంచిలో పడేసుకుని తెచ్చి, తినుబండారాల పక్కనే పెట్టడం నేను చూశాను. మన వైపు నుంచి దగ్గరి పోలిక కావాలంటే ఆడవారి మెడలోని నల్లపూసలను తలచుకోండి. అంగడిలో ఉన్నప్పుడు అవి వట్టి పూసలు. ఎవరు గుచ్చారు, ఎవరు కట్టారు, ఏ సందర్భంలో కట్టారు అన్నదాన్ని బట్టి వాటికి గౌరవం వస్తుంది. నా అవగాహనలో మీ మొదటి ప్రశ్నకు అసలు సమాధానం ఇదే: యొరూబా మతంలో పూస పవిత్రత దాని పదార్థంలో లేదు, దాన్ని ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ దేవతకూ మధ్య ఏర్పడిన బంధంలో ఉంది.

ఆ బంధం ఎలా ఏర్పడుతుందో ఒకసారి దగ్గరగా చూసే అవకాశం దొరికింది. బాబా మనుమడికి ఇదె కట్టే రోజున, తెల్లవారకముందే కోసి తెచ్చిన ఆకులను ఇంటి ఆడవారు, మగవారు కలిసి నీటిలో నలుపుతూ ఒక్కొక్క ఆకు పేరూ పిలుస్తూ పాడారు. యొరూబావారి నమ్మకంలో ప్రతి ఆకుకూ ఒక గుణం ఉంది, చల్లబరిచేది, పిలిచేది, తరిమేది. దాని పేరుతో పిలిచి, చేయవలసిన పనిని నోటితో చెబితేనే అది మేలుకుంటుంది. మాటను జరిగేలా చేసే ఆ శక్తిని ఆషె అంటారు. గుచ్చిన పూసలను ఆ పసరు నీటిలో కడిగి, ఇఫా గింజలుండే పాత్ర ముందు ఉంచి, ప్రశ్న చూసి, దేవత అంగీకరించిందని తేలిన తరువాతే కుర్రవాడి చేతికి కట్టారు. కట్టేటప్పుడు అతడు పాటించవలసిన నిషేధాలు కూడా చెప్పారు. ఆ నిషేధాలు బయటివారికి చెప్పేవి కావు కాబట్టి నేను లేచి వాకిట్లోకి వచ్చాను. ఈ మొత్తంలో పూసల ఖరీదు గురించి గాని, అవి ఏ దేశంలో తయారయ్యాయన్న దాని గురించి గాని ఎవరూ మాట్లాడలేదు.

రంగుల సంగతి వేరు. అక్కడ మాత్రం చాలా పట్టింపు ఉంది. మనుషుల శరీరాలను మలిచిన ఒబాతాలాకు తెల్లని పూసలు. తెలుపు చల్లదనానికి, ఓర్పుకు, నిర్మలతకు గుర్తు. ఉరుముల దేవత, ఓయో అనే యొరూబా రాజ్యానికి ఒకప్పటి రాజు అయిన షాంగోకు ఎరుపు, తెలుపు ఒకదాని తరువాత ఒకటి. ఎరుపు ఆయన వేడి అనీ, ఆ వేడి హద్దు దాటకుండా మధ్యలో తెలుపు ఉండాలనీ నాకు చెప్పారు. నదీదేవత ఓషున్‌కు తేనె రంగు పూసలు, ఇత్తడి కడియాలు. ఆగస్టులో ఓషోగ్బో పట్టణంలో జరిగే ఓషున్ ఉత్సవానికి వెళితే ఇదంతా ఒక్కచోట కనిపిస్తుంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ నదీతీరపు అడవిలో, జనం మధ్య నడిచే భక్తురాలు ఏ దేవత ఇంటి ఆడపడుచో ఆమె మెడను చూసి చెప్పే వృద్ధురాళ్ల పక్కన నేను నిలబడ్డాను. వారు తెలుపు, ఎరుపు, నలుపు అని మూడు పెద్ద వర్గాలుగా రంగులను చూస్తారు. నీలం, ఆకుపచ్చ రెండూ నలుపు వైపు చేరుతాయి. ఇవి కంటికి కనిపించే రంగులే కాక స్వభావాలు కూడా, చల్లనిది, వేడిది, లోతైనది.

పూసలు అన్నింటికంటే గంభీరంగా పనిచేసేది రాజకిరీటంలో. ఒబా, అంటే యొరూబా రాజు, ధరించే అదె అనే కిరీటం శంకువు ఆకారంలో ఉండి, పై నుంచి కింది వరకు సన్నని పూసలతో కుట్టి ఉంటుంది. దాని మీద ముఖాలు, శిఖరాన పక్షులు ఉంటాయి, ముందు వైపు పూసల తెర జారి రాజు ముఖాన్ని కప్పేస్తుంది. యొరూబావారికి తల, అంటే ఒరి, మనిషి విధి నివసించే చోటు. ప్రతివారి ఒరీ వారి వారి సొంత దైవం. అటువంటి తల మీద తరతరాల రాజుల శక్తిని మోపినప్పుడు, ఆ మనిషి ముఖం సామాన్యులు నేరుగా చూడదగినది కాదు. తెర వెనుక ఉన్నది వ్యక్తి కాదు, పదవి. కిరీటం లోపల పై భాగాన మూలికలు, మంత్రద్రవ్యాలు ఉంచుతారు, వాటిని రాజు కూడా చూడకూడదు. అందుకే కిరీటాన్ని వెనుక నుంచి మరొకరు తల మీద ఉంచుతారు. శిఖరాన ఉన్న పక్షులను వృద్ధస్త్రీల రహస్యశక్తికి చిహ్నాలుగా వివరిస్తారు. ‘మన తల్లులు’ అని భయభక్తులతో పిలిచే ఆ స్త్రీల సమ్మతి లేనిదే ఏ రాజూ ఏలలేడు.

పూసల తెర ఉన్న కిరీటం పెట్టుకునే అధికారం, యొరూబావారు తమ మూలస్థానంగా భావించే ఇఫే నగరం నుంచి వచ్చిన వంశాలకే ఉంది. మూలపురుషుడు ఒదుదువా తన సంతానానికి ఆ కిరీటాలిచ్చి పంపాడన్నది సంప్రదాయం. ఇది పాతకాలపు కథగా మిగిలిపోలేదు. 1903లో ఒక చిన్న పట్టణపు రాజు అటువంటి కిరీటం ధరించవచ్చా అనే వివాదం బ్రిటిష్ గవర్నర్ వరకు వెళ్లినప్పుడు, తీర్పు చెప్పడానికి ఊని అనే బిరుదున్న ఇఫే రాజు మొదటి ఒలుబుసెను లాగోస్‌కు రప్పించవలసి వచ్చింది. పూసలు అక్కడ ఆభరణమే అయితే ఒక సామ్రాజ్య ప్రభుత్వం అంత శ్రమ పడేది కాదు.

ఇఫేకు ఈ పట్టు ఎందుకు దొరికిందో మట్టిలో ఆధారాలున్నాయి. నగరం అంచున ఇగ్బో ఒలోకున్ అనే పవిత్ర వనం ఉంది. ఒలోకున్ సముద్రదేవత, ఐశ్వర్యానికీ పూసలకూ అధిపతి. 1910లో జర్మన్ పరిశోధకుడు లియో ఫ్రోబీనియస్ అక్కడ గాజు కరిగించిన మూసలను చూసి, ఆ పనితనం ఆఫ్రికావారిది కాదని, బయటినుంచి వచ్చినవారిదని ఊహించాడు. ఇటీవల నైజీరియా పురాతత్వవేత్త అబిదెమి బాబలోలా అక్కడే జరిపిన తవ్వకాల్లో పన్నెండు వేలకు పైగా గాజుపూసలు, మూసల ముక్కలు, గాజు వ్యర్థాలు దొరికాయి. సున్నం, అల్యూమినా ఎక్కువగా ఉన్న ఆ గాజు స్థానికంగా తయారైనదని, క్రీస్తుశకం 11 నుంచి 15వ శతాబ్దాల మధ్యదని తేలింది. అదే రకం పూసలు మాలి దేశంలోని గావో వరకు వెళ్లాయి. నాకు ఈ సంగతి ఎంతో సంతోషం కలిగించింది. ఒక జాతి తన దేవతలకు ఇచ్చే వస్తువును తానే కరిగించి తయారు చేసిందన్న నిజాన్ని వందేళ్ల పాటు ఇతరుల ఖాతాలో వేశారు. గాజును గొట్టంగా లాగి పూసలుగా కోసే మన తిరుపతి ప్రాంతపు పాపానాయుడుపేట పనితనం గురించి తెలిసినవారికి ఆ మూసల విలువ వెంటనే అర్థమవుతుంది. భారతదేశపు గాజుపూసలు శతాబ్దాల పాటు ఆఫ్రికా తూర్పు తీరానికి ఓడల్లో వెళ్లాయి గాని, ఇఫే గాజు మాత్రం ఇఫేదే. ఈనాటి కిరీటాల్లోని చిన్న రంగురంగుల పూసలు చాలావరకు తరువాతి కాలంలో యూరప్ నుంచి వచ్చినవి, వాటితో కుట్టేవారు కొత్త రంగులను కూడా పాత మూడు వర్గాల్లోకే సర్దుకున్నారు.

పూసలన్నీ పూజకు చెందినవని అనుకోకండి. పెళ్లిళ్లలో వధూవరులు వేసుకునే పగడాల వంటి ఎర్రని పేటలు హోదాకు, అందానికి. ఆడపిల్లల నడుముకు కట్టే పూసలు కొన్ని ఇళ్లలో అలంకారం, కొన్ని ఇళ్లలో సంతానం కోసం ఓషున్‌కు మొక్కిన మొక్కు.

బానిసలుగా క్యూబాకు, బ్రెజిల్‌కు తరలింపబడినవారు వెంట ఏమీ తీసుకుపోలేకపోయినా రంగుల నియమాలను జ్ఞాపకంలో మోసుకుపోయారు. క్యూబాలో నేటికీ దేవతల మాలలు స్వీకరించడం దీక్షలో తొలి మెట్టు. వాటిని కూడా ఆకుల నీటిలో కడిగి, గురువు స్థానంలో ఉన్నవారు స్వయంగా మెడలో వేస్తారు. అక్కడ ఇదె ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఉంటుంది. మీ సహోద్యోగి గోధుమ రంగు ధరించారు కాబట్టి అది నైజీరియా పద్ధతిలో కట్టినదే.

ఇక మీ రెండవ ప్రశ్న. యొరూబా చేతిపనివారు అందం కోసం అమ్మే హారాలు, గాజులు నిశ్చింతగా కొనండి. వారి జీవనోపాధి అది. ఒరున్మిలా పూసలనో షాంగో పూసలనో పేరు పెట్టి, ‘శక్తి నింపినవి’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని మాత్రం కొనవద్దని నా గట్టి సలహా. వాటిలో ఎవరూ ఎవరితోనూ ఏ బంధమూ కట్టలేదు. పైగా వాటిని చూసిన బబలావొ మిమ్మల్ని తన దీక్షా సోదరుడిగా భావించి పలకరిస్తే ఇద్దరికీ ఇబ్బంది. నిజంగా ఆసక్తి ఉంటే మీ సహోద్యోగినే గౌరవంగా అడగండి. చెప్పదగినంత ఆయన చెబుతారు. ఆయన చేతి పూసలను అడగకుండా తాకవద్దు. ఎప్పుడైనా ఆయన ఇదె తెగి పూసలు నేల మీద పడితే, దొరికినన్ని ఏరి ఆయన చేతిలోనే పెట్టండి. తెగడానికి కారణమేమిటో ఇఫాను అడిగి తెలుసుకుని, మళ్లీ గుచ్చుకోవడం ఆయన చూసుకుంటారు.