ఫిలడెల్ఫియాలోని పాత జైలు చూడదగ్గదేనా? దాని కథేమిటి?

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఫిలడెల్ఫియాలో మూతపడ్డ జైలు చూపించొచ్చా అని అడిగారు. తప్పకుండా చూపించండి. నేను మా నాన్నగారిని తీసుకెళ్లాను.

దాని పేరు ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ. అప్పట్లో జైలంటే ఆడా మగా, చిల్లరదొంగా హంతకుడూ అందర్నీ ఒకేచోట కుక్కెయ్యడమే. అది తప్పని కొందరు సంస్కర్తలు చాలా ఏళ్లు పోరాడారు. మనిషిని ఒంటరిగా ఉంచి, చేతికి బైబిలూ కాస్త పనీ ఇస్తే పశ్చాత్తాపపడి మారతాడని వాళ్ల నమ్మకం. పెనిటెన్షియరీ అన్న పేరుకు మూలం కూడా పశ్చాత్తాపమే. 1829లో తెరిచారు.

మొదటి ఖైదీ చార్లెస్ విలియమ్స్ అనే నల్లజాతి రైతు. దొంగతనం కేసులో రెండేళ్ల శిక్ష. దారి గుర్తుపట్టకుండా తలకు ముసుగేసి లోపలికి తీసుకెళ్లేవారు. గదికి పైకప్పులో ఒక్క గవాక్షం, వెనక చిన్న పెరడు. పక్కగది వాడితో మాట కలవకూడదని ఇద్దర్నీ ఒకేసారి పెరట్లోకి వదిలేవారు కాదు. ఇంటినుంచి ఉత్తరాలు లేవు, ములాఖత్‌లు లేవు. మంచి ఉద్దేశంతో మొదలైన పని ఇంత క్రూరంగా మారిందే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. 1842లో చూడ్డానికి వచ్చిన ఇంగ్లిషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ కూడా ఈ ఏకాంతం ఒంటిమీద పడే దెబ్బలకన్నా ఘోరమన్నాడు. అయినా ఆ పద్ధతిని అధికారికంగా వదిలేసింది 1913లో!

షికాగో ముఠానాయకుడు అల్ కపోన్ ఇక్కడ 1929-30లో ఎనిమిది నెలలు ఉన్నాడు. జనం ఆ గది దగ్గరే గుమిగూడతారు. 1971లో జైలు మూసేశాక లోపల చెట్లు మొలిచి అడవైపోయింది. 1994 నుంచి సందర్శకులను రానిస్తున్నారు.

నడిమధ్య నిలబడితే చుట్టూ నడవాలు చక్రం ఆకుల్లా సాగిపోతాయి. నాన్నగారు ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి, "ఇది మన అండమాన్ జైలులా ఉందిరా" అన్నారు. పోర్ట్‌బ్లెయిర్ వెళ్లొచ్చారాయన. నిజమే, సెల్యులార్ జైలుకూ నడుమ బురుజు, చుట్టూ మొదట్లో ఏడు రెక్కలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఫిలడెల్ఫియా నమూనా ఇంగ్లండు జైళ్లకూ పాకింది. తర్వాత ఆయన ఒక గదిలోకి తల వంచి దూరి, గవాక్షం కింద చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు.

చలికాలమైతే మందపాటి స్వెట్టర్లు వేయించండి, లోపల గడ్డకట్టే చలి. కపోన్ గదికి ముందు పాత నడవాలు చూడండి. సగం రోజు చేతిలో ఉంచుకోండి.