బండి కదిలినా లైను తెగకూడదంటే

చిరంజీవి శ్రీధర్‌కు,

మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. పాడేరు చుట్టుపక్కల తిరిగే నాలుగు వైద్య వాహనాలలో ఇంటర్నెట్ నిలబెట్టే బాధ్యత నీకు అప్పగించారనీ, వారం తిరగకుండానే లైను నిలబడటం లేదన్న ఫిర్యాదులు మొదలయ్యాయనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంకా పెద్ద ప్లాను తీసుకోవాలా, బండి పైన పెద్ద యాంటెన్నా పెట్టించాలా అని నువ్వు ఆలోచిస్తున్నావట. ఆ రెండింటిలో దేనికైనా డబ్బు ఖర్చుపెట్టే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ముప్పై ఏళ్లు టెలికాంలో పనిచేసి, ఆ తర్వాత కొన్నేళ్లు ఇలాంటి బండ్లకే లైన్లు చూసిన అనుభవంతో చెబుతున్నాను: సిగ్నల్ లేక తెగిన లైన్ల కంటే, ఒక నెట్‌వర్క్ వదిలి ఇంకో నెట్‌వర్క్ పట్టుకునే ఆ కొద్ది క్షణాల్లో తెగిన లైన్లే నేను ఎక్కువగా చూశాను.

ఎందుకు తెగుతుందో ముందు తెలుసుకో. బండి మాడుగుల దాటి ఘాట్ ఎక్కుతూ ఒక టవరు పరిధి నుంచి ఇంకో టవరు పరిధిలోకి వెళ్లినప్పుడు, సిగ్నల్ ఉన్నంతవరకు, డాక్టరుగారితో నడుస్తున్న వీడియో కాల్ మామూలుగా తెగదు. టవర్లు మారుతున్నా, నీ పరికరానికి ఇచ్చిన ఐపీ అడ్రసును, అంటే ఇంటర్నెట్‌లో దాని చిరునామాను, ఆ కంపెనీ నెట్‌వర్క్ లోపల ద్వారంలాంటి ఒక గేట్‌వే అలాగే పట్టుకుని ఉంటుంది కనుక మార్పిడి భారమంతా కంపెనీదే. అదే బండి ఆరోగ్య కేంద్రం ఆవరణలోకి వచ్చి అక్కడి వైఫై పట్టుకుందంటే, ఆ గేట్‌వేతో ఏ సంబంధమూ లేని కొత్త అడ్రసు వస్తుంది. ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్ల మధ్య కనెక్షన్ నడిపే పద్ధతైన టీసీపీని 1981లో ప్రమాణంగా రాసినప్పుడు, ఒక కనెక్షన్‌ను గుర్తుపట్టడానికి రెండు చివరల అడ్రసులు, రెండు చివరల పోర్టు నంబర్లు (కంప్యూటరులో ఏ ప్రోగ్రాముకో చెప్పే సంఖ్యలు), ఈ నాలుగింటినే ఆధారంగా పెట్టుకున్నారు. అప్పటి కంప్యూటర్లు చాలావరకు ఉన్న గది దాటి కదిలేవి కావు. నాలుగింటిలో ఏ ఒక్కటి మారినా అవతలి సర్వరు దృష్టిలో నువ్వు కొత్త మనిషివే. ఒకే కంపెనీ నెట్‌వర్క్ లోపల మార్పిడి కంపెనీ పని, నెట్‌వర్కే మారినప్పుడు మాత్రం అది మన పని.

నేను చూసిన ఒక బండి సంగతి చెబుతాను. దారంతా బాగానే ఉండే కాల్ సరిగ్గా ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర తెగిపోయేది. ప్రతిసారీ అక్కడే. సిబ్బంది అంతా గేటు దగ్గర సిగ్నల్ లేదని నమ్మారు. నేను ఫోనులో సిగ్నల్ మీటరు తెరిచి ఆ గేటు పక్క వేపచెట్టు కింద నిలబడి చూశాను. 4జీ చక్కగా ఉంది. లోపల ఎక్కడో గోడకు కొట్టిన వైఫై పెట్టె సిగ్నల్ మాత్రం మైనస్ 82 డీబీఎం దగ్గర ఊగుతోంది (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత; సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం). బండిలోని రౌటరుకు ‘వైఫై కనిపిస్తే అదే వాడు’ అని ఎవరో సెట్టింగ్ పెట్టారు. అది బాగున్న 4జీని వదిలేసి ఆ ప్రాణం లేని వైఫైని పట్టుకోవడం, పది సెకన్లకు అది జారిపోవడం, మళ్లీ 4జీకి రావడం, చెట్టు కింద నిలబడిన అరగంటలో ఇలా ఏడుసార్లు జరిగింది. యాంటెన్నా ఎంత పెద్దది కొన్నా ఆ జబ్బు నయమయ్యేది కాదు.

అందుకని నీ రౌటర్లలో పట్టుకునే హద్దు, వదిలే హద్దు వేరువేరుగా పెట్టు. నా అలవాటు ప్రకారం వైఫై మైనస్ 67 కంటే మెరుగ్గా, కనీసం ఇరవై సెకన్లు నిలకడగా ఉంటేనే పట్టుకోవాలి. ఒకసారి పట్టుకున్నాక మైనస్ 77కు పడిపోయేదాకా వదలకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా, కొత్త దారిలో నీ సర్వరు వరకు ప్యాకెట్, అంటే డేటా మూట, వెళ్లి తిరిగి వచ్చిందని తేలేదాకా పాత దారిని వదలకూడదు. తాటిచెట్టు దిగేవాడు కింది పట్టు చిక్కకుండా పై పట్టు వదలడు కదా.

ఇది కుదరాలంటే రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉండాలి. రౌటర్లు కొనేటప్పుడు చాలామంది మోసపోయేది ఇక్కడే. ‘డ్యూయల్ సిమ్’ అని పెట్టె మీద రాసి ఉంటుంది, లోపల టవరుతో మాట్లాడే మోడెం మాత్రం ఒక్కటే ఉంటుంది. అలాంటి రౌటరు ఒక సిమ్ చచ్చిపోయాక రెండోదాన్ని నిద్రలేపి, నెట్‌వర్క్ వెతికించి, అడ్రసు తెప్పించేసరికి అర నిమిషం నుంచి నిమిషం దాకా పోతుంది. రెండు సిమ్‌లు కాదు, రెండు మోడెములు ఉన్నాయా అని అడిగి కొను. సిమ్‌లు కూడా వేర్వేరు కంపెనీలవి తీసుకో. అంతటితో సరిపోతుందనుకోకు: మన దేశంలో ఒకే టవరు మీద రెండు మూడు కంపెనీల యాంటెన్నాలు ఉండటం మామూలే, కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే అన్నీ కలిసి ఆగిపోతాయి. నీ బండ్లు తిరిగే దారి వెంట ఏ కొండ మీది టవరు ఎవరెవరిదో ఒక రోజు స్వయంగా తిరిగి రాసుకో. కవరేజి మ్యాపు ఆ పనికి సరిపోదు.

ఇక అడ్రసు మారినా సంభాషణ తెగకుండా ఉండే ఉపాయం. దీనికి నడుమ కదలని మనిషి ఒకరు కావాలి. ఊరు మారినవాడు పాత ఊరి పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చి, వచ్చిన ఉత్తరాలు అక్కడికి పంపమన్నట్టు, కదలని సర్వరు ఒకటి నీ బండి ప్రస్తుతం ఎక్కడుందో తెలుసుకుంటూ ఉండాలి. 1996లో ప్రమాణమైన మొబైల్ ఐపీ ఆలోచన ఇదే. అది అందరి వాడుకలోకి రాలేదు కాని ఆ ఆలోచన చావలేదు. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, ఆ మరుసటి నెలలో జియో మన దగ్గర వైఫై కాలింగ్ మొదలుపెట్టాయి కదా; ఇంట్లో వైఫై మీద మొదలైన కాల్ వీధిలోకి వెళ్లాక 4జీ మీద కొనసాగడానికి కారణం కంపెనీ నెట్‌వర్క్‌లో రెండు దారులనూ ఒకచోట కలిపే గేట్‌వే ఉండటమే. నీ బండ్లకు అలాంటి గేట్‌వేను నువ్వే పెట్టుకోవాలి. హైదరాబాదులోనో ముంబయిలోనో ఒక చిన్న క్లౌడ్ సర్వరు తీసుకుని, ప్రతి రౌటరు నుంచి దానికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో టన్నెల్, అంటే తాళం వేసిన సొంత దారి, వెయ్యి. బండి ఏ నెట్‌వర్క్ మీదికి మారినా, కొత్త అడ్రసు నుంచి సరైన తాళంతో మొదటి ప్యాకెట్ రాగానే సర్వరు ఆ కొత్త అడ్రసును గుర్తుపెట్టుకుంటుంది. బండి లోపల సిబ్బంది వాడే ట్యాబ్‌కు ఉన్న అడ్రసు మాత్రం మారదు, అందువల్ల డాక్టరుగారి కాల్‌కు జరిగిన సంగతే తెలియదు. ఆసుపత్రివారు ఐపీసెక్ అనే ఇంకో టన్నెల్ పద్ధతి తప్పనిసరి అంటే 2006లో వచ్చిన మోబైక్ అనే పొడిగింపు కూడా ఇదే పని చేస్తుంది.

టన్నెల్ వేసేటప్పుడు రెండు విషయాలు మరిచిపోకు. ఒకే అడ్రసును చాలామందికి పంచే మొబైల్ కంపెనీల నాట్ పెట్టెలు కాసేపు మాటలు లేకపోతే నీ దారిని మరిచిపోతాయి కనుక, రౌటరు వైపు 25 సెకన్లకొకసారి చిన్న ప్యాకెట్ పంపే సెట్టింగ్ పెట్టు. దీన్ని రౌటరులోనే ఉంచు. ప్రతి ట్యాబ్‌లో పెడితే బ్యాటరీ సాయంత్రందాకా రాదు. రెండోది ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా వెళ్లవచ్చన్న పరిమితి. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, కొన్ని దారులలో అది కూడా పట్టదు. అప్పుడు జబ్బు లక్షణం విచిత్రంగా ఉంటుంది: పింగ్ వెళ్తుంది, పేరూ వయసూ వెళ్తాయి, ఎక్స్‌రే ఫోటో మాత్రం సగంలో బిగుసుకుపోతుంది. అలా కనిపిస్తే సిమ్‌ను తిట్టకుండా ఎంటీయూను 1280కి దించి చూడు.

దారి బతికి ఉందో లేదో కనుక్కునే పరీక్ష సరిగ్గా లేకపోతే పైన చెప్పినదంతా వృథా. వైఫై గీతలు నిండుగా ఉన్నాయంటే పక్కనున్న పెట్టె దాకా బాగుందని మాత్రమే అర్థం. ఆ పెట్టె వెనకాల ఫైబరు తెగి ఉండవచ్చు. ఆండ్రాయిడ్ ఫోను కూడా ఈ మాట నమ్మదు, వైఫైకి తగులుకోగానే ఇంటర్నెట్‌లోని ఒక సర్వరును అడిగి 204 అన్న జవాబు వస్తేనే ఇంటర్నెట్ ఉందంటుంది. నీ రౌటరు కూడా ప్రతి ఐదు సెకన్లకు నీ సర్వరునే అడగాలి. వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే దారి మార్చాలి. ఒక్కసారికే మారిస్తే గేటు దగ్గరి కథ మళ్లీ మొదలవుతుంది.

బండి కరెంటు సంగతి కూడా చూడు. డ్రైవరు తాళం తిప్పిన ప్రతిసారీ స్టార్టరు మోటారు లాగే కరెంటుకు బ్యాటరీ వోల్టేజి ఒక్క క్షణం దిగజారుతుంది, ఆ క్షణంలో రౌటరు ఆగి మళ్లీ మొదలవుతుంది. సిబ్బందికి అది ‘బయలుదేరగానే నెట్ పోతోంది’ అన్నట్టు కనిపిస్తుంది. 9 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకునే రౌటరు కొను, దానికి విడిగా చిన్న బ్యాటరీ పెట్టించు. పెద్ద యాంటెన్నాకు అనుకున్న డబ్బులో ఇది జరిగిపోతుంది.

ఎంపీటీసీపీ గురించి కూడా నువ్వు విని ఉంటావు. ఒకే కనెక్షన్‌ను రెండు దారుల మీద నడిపే ఆ పద్ధతిని ఆపిల్ 2013లోనే సిరి కోసం వాడింది, 2020లో లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. 2021లో ప్రమాణమైన క్విక్ అనే ఇంకో పద్ధతి అడ్రసుల మీద కాక ఒక గుర్తింపు సంఖ్య మీద కనెక్షన్‌ను నడుపుతుంది. రెండూ మంచివే. కాని రెండు చివరలా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవాలి, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ నీ చేతిలో లేదు. ప్రస్తుతానికి టన్నెల్‌తో పని నడుపు.

ఎన్ని చేసినా వంట్లమామిడి దాటిన తర్వాత మలుపుల్లోనో, జి.మాడుగుల అవతల లోయల్లోనో ఏ సిమ్‌కూ ఏమీ అందని చోట్లు ఉంటాయి. అక్కడికి నువ్వు లైను తేలేవు. కాని ఏఎన్ఎం అమ్మాయి రాసిన వివరాలు పోకుండా చూడగలవు. ఒకసారి నా కళ్లముందే ఒక అమ్మాయి గర్భిణి వివరాలు, బీపీ, హిమోగ్లోబిన్ అన్నీ నింపి బటన్ నొక్కితే తెర తెల్లబడి మళ్లీ మొదటికి వచ్చింది. బయట వరుసలో ఇంకా ఇరవై మంది ఉన్నారు, ఆ అమ్మాయి ఏమీ అనకుండా కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. అది చూసి నాకు చాలా బాధ కలిగింది. యాప్ రాసేవాళ్లతో గట్టిగా చెప్పు: ప్రతి వివరమూ ముందు ట్యాబ్‌లో భద్రం కావాలి, తర్వాతే సర్వరుకు వెళ్లాలి, ప్రతి రికార్డుకూ ట్యాబ్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య పడాలి, అప్పుడే జవాబు దారిలో పోయి రెండుసార్లు పంపినా సర్వరులో ఒక్కటే ఉంటుంది. సిగ్నల్ రాగానే ట్యాబ్‌లన్నీ ఒక్కసారిగా మీదపడకుండా, ఒక్కొక్కటి కొన్ని సెకన్లు అటూ ఇటూ ఆగి పంపేలా చెయ్యమను.

అన్నీ అమర్చాక ఆఫీసులో కూర్చుని బాగుందనుకోకు. బండిలో డ్రైవరు పక్కన కూర్చుని, డాక్టరుగారి కాల్ నడుస్తుండగా ఒక సిమ్ పీకెయ్యి. ఆరోగ్య కేంద్రం గేటు లోపలికీ బయటికీ పదిసార్లు తిప్పించు. ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేయించు. ప్రతి మార్పిడికీ సమయం, ఏ దారి నుంచి ఏ దారికి, ఎన్ని సెకన్లు పట్టిందీ రౌటరు లాగ్‌లో పడుతోందో లేదో చూసుకో. ముందు ఒక్క బండికే ఇదంతా చేసి, వచ్చే సంత రోజున తిరిగిన లాగ్ నాకు వాట్సాప్‌లో పంపు. మిగిలిన మూడింటికి రౌటర్లు కొనే ముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య