బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న లాప్‌టాప్ ఆన్ కాకపోతే ఫైళ్లు పోయినట్టేనా?

పోనట్టే, డిస్క్ బాగుండి 48 అంకెల రికవరీ కీ దొరికితే. కీ లేక, మదర్‌బోర్డూ బాగుపడకపోతే మాత్రం ఎవరివల్లా కాదు. మామూలుగా డిస్క్ తాళం తీసేది మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్. బోర్డు పోతే ఆ దారి మూసుకుపోతుంది, ఇక దిక్కు రికవరీ కీయే.

భీమవరంలో ఒక రొయ్యల వ్యాపారి లాప్‌టాప్ వానకి తడిసి బోర్డు కాలిందనుకోండి. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లుండే డిస్క్) విప్పి, దానికి సరిపడే యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే డ్రైవ్ మీద తాళం గుర్తు కనిపిస్తుంది. తెరవబోతే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ ఐడీ పక్కనున్న కీ కొట్టాలి. ఒక్కోసారి ఆ ఖాతా అమ్మిన షాపు కుర్రాడి మెయిల్‌తో ఉంటుంది, అతన్నీ అడగండి. ఫార్మాట్ చేయమంటే ఒప్పుకోవద్దు. తెరుచుకోగానే ముందు లెక్కల ఫైళ్లు కాపీ చేసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ బోర్డుకే అతికించి ఉంటే మాత్రం బోర్డు బాగుచేయించక తప్పదు.

రోజూ కొట్టే పిన్నే ఈ కీ అనుకుంటారు చాలామంది. కాదు. ఆ పిన్ ఆ లాప్‌టాప్‌లోకి వెళ్లడానికే, విప్పిన డిస్క్‌కి పనికిరాదు. విండోస్ మళ్లీ వేయించినా కీ రాదు, పైగా ఉన్న డేటా చెరిగిపోతుంది.